తొమ్మిదో అబద్ధం

ప్రెస్సు మేడ మీది గది,
జూన్ మొదటి ఆదివారం.

వదినా,

నువ్వు పంపిన విమానం అందింది. కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎక్కించిన పాపానికి చేతులు కడుక్కుని వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనిద్దరం ఇకమీదట ఫోన్లో మాట్లాడుకోకూడదని అన్నయ్య పెట్టిన ఆంక్ష నాకు సమ్మతమే. "రాసుకోండి, కోపం కవర్లో పట్టినంతే ఉంటుంది" అన్నాడు కదా. పోయిన నెల నువ్వు ఫోన్లో "ఎంతైనా ఆటే కదే" అన్నావు. ఆ ఒక్క ముక్కకి నేను తిరిగి అన్న ముప్ఫై ముక్కలూ పక్కగదిలో ఉన్న అన్నయ్యకి కూడా వినపడ్డాయట. మంచిదే. కాగితం మీద నా గొంతు ఇంకా పెద్దది.

సిమ్యులేటర్లో, అంటే కంప్యూటర్ తెర మీద, విమానం నడపడం ఆట కాదు వదినా. పొద్దుట ఎనిమిది నుంచి నేనీ ప్రెస్సులో పుస్తకాలు మడతపెట్టి కుడతాను. కుట్టిన ప్రతి కరపత్రమూ చదువుతాను. కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్ళనిదాన్ని, నాకున్న చదువంతా అదే. అందులో నాకు బాగా ఎక్కిన మాట ఒకటుంది: యంత్రం లోపల ఏం జరుగుతుందో జనానికి తెలియనివ్వకపోవడమే పెత్తనం. అందుకే సాయంత్రాలు యంత్రం లోపలికి వెళ్తాను. మేం నలుగురం. లిఫ్టులు బాగుచేసే ఆయన మా పెద్ద, ఆయన్ని కెప్టెన్ అంటాం. నవ్వకు. మాకు నియమాలున్నాయి. ప్రతి ప్రయాణమూ చీకటి కాక్‌పిట్‌తో మొదలవ్వాలి. అంటే బ్యాటరీతో సహా అన్నీ ఆపేసి ఉన్న విమానంలో కూర్చుని, ఒక్కొక్క స్విచ్చీ మన చేత్తో వేసి, ఇంజన్లు తిప్పాలి. నాకు ముప్ఫై ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒకరు నడుపుతుంటే మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చోవాలి, నోరు మెదపకూడదు. ఇంజన్లు ముందే తిరుగుతున్న విమానం ఎవరైనా ఎక్కారా, ఆ నెలంతా వాళ్ళతో మాటల్లేవు.

ఇప్పుడు మీ కంపెనీ సరుకు. నడుమ ఒకే నడవ, రెండు ఇంజన్లు, నూట డెబ్బై రెండు సీట్లు. బొమ్మ బాగుంది, ఒప్పుకుంటాను. రెక్క మీద రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు. మొదటి తెర మీదే "కొత్తవారికి కూడా సులువు" అని రాశారు. కొత్తవాళ్ళంటే మీ దృష్టిలో పళ్ళు రానివాళ్ళా? ఒక్క బటను నొక్కితే రెండు ఇంజన్లూ వాటంతటవే లేచి కూర్చున్నాయి! అది చాలదన్నట్టు కుడి సీట్లోంచి ఒక గొంతు, "బ్రేకు వేసి ఉందా, చూశారా?" అంది. నేను పలకలేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది వదినా, జ్వరం వచ్చినవాణ్ణి మందు మింగావా అని సతాయించినట్టు. పైగా నేను వెయ్యాల్సిన స్విచ్చిల్లో సగం అదే వేసేసుకుంది. నా విమానంలో నా చేతికి అడ్డం రావడానికి అదెవరు? ఆ గొంతు నొక్కేశాను. తర్వాత విమానాన్నే ఆపేశాను. రన్‌వే దాకా వెళ్ళే ఓపిక లేకపోయింది.

నువ్వక్కడ సహాయ పుస్తకం రాసే మనిషివి, నీ తప్పేం లేదు. కానీ జనాన్ని ఇలా ఉయ్యాల్లో పడుకోబెట్టే పనిలో నువ్వు చెయ్యి పెట్టావంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

నీ మరదలు.


కంపెనీ వెనక వీధి, రెండో అంతస్తు,
జూన్ మూడో శనివారం.

మరదలు గారి సముఖానికి,

నీ ఉత్తరం చేరింది. మీ అన్నయ్య కవరు తెరవకుండానే తడిమి చూసి, "వేడిగా ఉంది, నువ్వే తీసుకో" అన్నాడు.

రన్‌వే దాకా కూడా పోకుండా విమానం బాగాలేదని తీర్పు చెప్పిన మొదటి పైలట్‌వి నువ్వే. నిన్ను నడిపి చూసి తప్పులు రాయమన్నాను. నువ్వు తిట్లు రాశావు. తప్పు వేరు, తిట్టు వేరు తల్లీ. ఏ స్విచ్చి వేస్తే ఏం జరగాలో, ఏం జరిగిందో రాస్తే అది తప్పు. చదివినవాళ్ళకి పని దొరుకుతుంది. తిట్టు చదివితే నీ నోరు ఎంత పొడుగో మాత్రం తెలుస్తుంది. అది నాకు పెళ్ళి చూపులనాడే తెలుసు.

మా ఆఫీసు ఎలా ఉంటుందో నీకు చెప్పలేదు కదా. టైర్ల దుకాణం మీద ఒక గది, ఆరుగురం, తెరుచుకోని కిటికీ ఒకటి. మా యజమాని ఇంతకుముందు ప్రింటర్లు అమ్మేవాడు. ఏ వస్తువుకైనా ఒక్క బటనే ఉండాలని ఆయన సిద్ధాంతం. రెండో బటను కనబడితే ఆయనకి తలనొప్పి వస్తుంది. నువ్వూ ఆయనా ఎదురుబొదురు కూర్చుంటే చూడాలని ఉంది. ఒకరికి అన్ని స్విచ్చిలూ కావాలి, ఒకరికి ఒక్కటీ వద్దు. ఇద్దరికీ పక్క సీట్లో మనిషి మాత్రం అక్కర్లేదు.

నాదొక మాట విను. ఆ కుడి సీటు గొంతు గురించి ఇంకొంచెం వివరంగా రాయి. అది అడిగినప్పుడు నువ్వు జవాబు చెప్పి ఉంటే ఏం జరిగేదో చూశావా? ఒక్కసారి జవాబు చెప్పు. నీ నియమాలు ఒక గంటసేపు బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నా కోసమే అనుకో.

ఇంకో సంగతి. అది పరీక్ష ప్రతి. అమ్మకానికి ముందు బయట ఎవరికీ చూపకూడదు. ఏమున్నా నాకు రాయి. నాకే రాయి.

వదిన.


ప్రెస్సు మేడ మీది గది,
జులై రెండో ఆదివారం.

వదినా,

రహస్యంగా ఉంచమన్నావు. ఉంచలేదు. దాచమనడంలోనే దగా ఉందని నా నమ్మకం.

కరపత్రం వేశాను! పేరు "ఇరవై ఏడు అబద్ధాలు". మా ప్రెస్సులోనే, మధ్యాహ్నం భోజనాల వేళ, మిగిలిన కాగితం మీద రెండొందల ప్రతులు. నేనే కూర్చాను, నేనే మడిచాను, నేనే కుట్టాను. యజమాని చూసి, "ఇదేం పార్టీ అమ్మాయ్?" అన్నాడు. "పార్టీ కాదండీ, విమానం" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. పిచ్చివాళ్ళని ఎక్కువ కదపకూడదని ఆయనకి తెలుసు.

ఈసారి ఎగిరి, దిగి చూశాకే రాశాను. మూడో అబద్ధం: ఇంధనం పంపులు వెయ్యకుండానే ఇంజను తిరగడం. పదకొండోది: తలుపు తెరిచి ఉన్నా విమానం కదలడం. ఇరవైరెండోది: ఎంత మొద్దుగా దించినా చక్రాలకి గీత కూడా పడకపోవడం. అన్నిటికంటే ఘోరమైనది తొమ్మిదోది, అదే ముందు పేజీలో వేశాను. ఇలా రాశాను:

"కుడి సీట్లో ఒక దాది కూర్చుని ఉంటుంది. మీ చేతులు మీవి కావని ఆమె మీకు నేర్పుతుంది. అడుగడుగునా అనుమతి అడగడం అలవాటైన జనం రేపు దేన్నైనా అనుమతి లేకుండా చెయ్యగలరా? నా రెండు చేతులూ ఉండగా నాకు రెండో మనిషి దేనికి?"

కెప్టెన్ చదివి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. ఆయన లిఫ్టు తలుపు సరిగ్గా మూసుకుంటే కూడా కొట్టడు. ఫొటో తీసి సిమ్యులేటర్ వాళ్ళందరూ చదివే ఇంటర్నెట్టు చర్చావేదికలో పెట్టాడు. మొదటి రోజే నాలుగొందల మంది చదివారు. చాలామంది తొమ్మిదోదాన్నే ఎత్తి చూపి నవ్వుకున్నారు.

జవాబు చెప్పి చూడమన్నావు. చెప్పలేదు. గోడలతో మాట్లాడే అలవాటు నాకు లేదు.

అసలు వార్త ఇప్పుడు. ఊరి బయట పైలట్ల శిక్షణా కేంద్రం ఉంది. అక్కడి లిఫ్టు కెప్టెనే చూస్తాడు. ఆ మొహమాటం మీద మా బృందానికి ఒక గంట ఇచ్చారు. నిజం పైలట్లు నేర్చుకునే కాక్‌పిట్, కాళ్ళ మీద లేచి ఊగుతుంది! ఆగస్టు రెండో గురువారం. ఎడమ సీట్లో నేను. చీకటి కాక్‌పిట్ నుంచి మొదలుపెట్టి చూపిస్తాను, మీ ఉయ్యాల విమానం వాళ్ళకి ఎవరైనా చెప్పండి.

నీ మరదలు.


కంపెనీ వెనక వీధి,
జులై ఇరవై ఆరు.

కరపత్ర రచయిత్రి గారికి,

మీ కరపత్రం మా ఆఫీసు గోడకి అంటించి ఉంది. మా యజమాని స్వయంగా అంటించాడు. తొమ్మిదో అబద్ధం చుట్టూ ఎర్రటి సున్నా చుట్టాడు. "నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నా, ఆ పక్క సీటు గోల ఎవరికి కావాలి? తెలిసినవాళ్ళే నవ్వుతున్నారు చూడు" అన్నాడు. కుడి సీటు తీసెయ్యమన్నాడు. బటను ఒక్కటుంటే చాలట.

ఆ తొమ్మిదో అబద్ధం నాది.

సహాయ పుస్తకం నేను ఆరు నెలలే రాశాను. తర్వాత పద్నాలుగు నెలలు ఆ కుడి సీటు మీదే కూర్చున్నాను. ఆ ఆలోచన నాది, అది అడిగే ప్రతి మాటా నేను రాసిందే, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, అన్నీ. వారానికి రెండు రోజులు ఇక్కడి విమానాశ్రయంలో పైలట్లు తినే క్యాంటీన్లో మూల బల్ల దగ్గర కూర్చుని, వాళ్ళు పని గురించి మాట్లాడుకునేది విన్నాను. వాళ్ళు నన్ను ప్లేట్లు తీసే మనిషి అనుకునేవాళ్ళు. విమానం ఇద్దరి పని. ఒకరు చదువుతారు, ఒకరు చేస్తారు, రెండోవాళ్ళు చూసి అవునంటేనే ముఖ్యమైన లివరు కదులుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి మొదటి రోజునుంచే ఆ అలవాటు పట్టాలని నా ఆశ. స్విచ్చిలు తర్వాతైనా వస్తాయి. బటను యజమాని కోరిక. నేను దాన్ని భరించాను, కుడి సీటు బతకాలని.

ఈ నెలాఖరుకి కుడి సీటు పోతుంది. దాంతోపాటు నా కుర్చీ కూడా. విమానం తోకల మీద రంగులు వేసే పని ఇస్తానన్నాడు, ఆలోచించి చెప్పమన్నాడు.

నువ్వు రాసింది వెనక్కి తీసుకోమని నేను అడగను. అడిగితే నువ్వు తీసుకోవని తెలుసు. తీసుకున్నా నాకోసం తీసుకుంటే అది నాకు అవమానం.

మీ అన్నయ్య ఫోన్ చేస్తానంటే వద్దన్నాను.

వదిన.


ప్రెస్సు మేడ మీది గది,
ఆగస్టు మొదటి తారీఖు.

వదినకి,

దాచింది నువ్వు. అడ్డంగా నరికింది నేనా?

"నాది" అని మొదటి ఉత్తరంలోనే ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. సహాయ పుస్తకం రాసేదాన్నని ఇంటిల్లిపాదినీ నమ్మించావు. నీదని తెలిస్తే నేను ఊరుకునేదాన్ననుకుంటున్నావా? రాసేదాన్ని. అదే రాసేదాన్ని. సొంతవాళ్ళ తప్పైతే ఒక రకం, పరాయివాళ్ళ తప్పైతే ఒక రకం రాసేవాళ్ళని నేను చదివిన ప్రతి కరపత్రమూ కడిగి ఆరేసింది.

నీ కుర్చీ పోయినందుకు బాధగా ఉంది. అది వేరే విషయం. తొమ్మిదోది అబద్ధమే.

గురువారం నా గంట. అయ్యాక రాస్తాను.

నీ మరదలు.


ప్రెస్సు మేడ మీది గది,
ఆగస్టు మూడో ఆదివారం.

వదినా,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. నాలుగుసార్లు చింపాను. చింపిన ప్రతిసారీ అందులో నేను తెలివైనదానిలా కనపడుతున్నాను, అందుకు.

శిక్షకురాలు ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. నన్ను ఎడమ సీట్లో, కెప్టెన్ని కుడి సీట్లో కూర్చోబెట్టి, తను వెనక కూర్చుంది. మిగతా ఇద్దరూ బయట తెర దగ్గర. అంతా చీకటి చేసి, "కానివ్వు" అంది. వేశాను వదినా. ఒక్కటి తప్పకుండా వేశాను. కెప్టెన్ వైపు ఉన్నవి కూడా ఆయన ఒళ్ళో వాలి మరీ వేశాను. ముప్ఫై ఒక్క నిమిషం. ఆవిడ "వేళ్ళు బాగా ఆడుతున్నాయి" అంది. మెచ్చుకుందనుకున్నాను.

పైకి లేచాం. నేలంతా ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు గంట కొట్టింది. ఎడమ ఇంజనుకి మంట. ఇంజన్లు ఆపే లివర్లు రెండూ నడుమ పక్కపక్కనే ఉంటాయి. ఇంట్లో మౌసుతో నొక్కేటప్పుడు కావలసిన లివరే తెర నిండా పెద్దదై వస్తుంది. అక్కడ రాదు. అక్కడ ఉన్నది నా చెయ్యే. ఆ చెయ్యి గబుక్కున వెళ్ళి ఒక లివరు లాగేసింది.

కుడిది. బాగున్న ఇంజను.

కుడి వైపు హోరు ఒక్కసారిగా చచ్చిపోయింది. కాలుతున్న ఇంజను కాలుతూనే ఉంది, బాగున్నది ఆగిపోయింది. ఏవేవో లాగాను, తిప్పాను. నేల వచ్చేసింది. తెర ఎర్రగా మారి ఆగిపోయింది.

ఆవిడ గొంతు ఏమీ మారలేదు. "నూట డెబ్బై రెండు సీట్లు. అందరూ పోయారు" అంది. తర్వాత కెప్టెన్ని అడిగింది.

"ఈ అమ్మాయి కుడి లివరు పట్టుకోవడం మీరు చూశారా?"

"చూశానండి."

"తప్పని తెలిసిందా?"

"చెయ్యి వెయ్యగానే తెలిసిందండి."

"మరి?"

"మాకో నియమం ఉందండి. ఒకరు నడుపుతుంటే రెండోవాళ్ళు నోరు విప్పకూడదు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నేనిక్కడ ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను. తెలియక చంపినవాళ్ళని చూశాను. కంగారులో చంపినవాళ్ళని చూశాను. నియమం ప్రకారం చంపినవాళ్ళు మీరే. ఎవరు పెట్టారు దాన్ని?"

నేనే పెట్టాను వదినా. రెండేళ్ళ కిందట, ఏ స్విచ్చి వెయ్యాలో ఎవరో నాకు చెప్పబోతే చిరాకేసి పెట్టాను. జనం, సమష్టి అని పేజీకి పదిసార్లు రాసే మనిషిని, పక్క సీట్లో కూర్చున్న ఒక్క మనిషికి నోరు లేకుండా చేశాను. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను!

ఆవిడ టీ ఇప్పించింది. టీ తాగుతూ చేత్తో చూపించింది: ఒకరు లివరు మీద చెయ్యి పెట్టి ఏ ఇంజనో చెప్తారు, రెండోవాళ్ళు కళ్ళతో చూసి అవునంటారు, ఆ మాట చెవిన పడేదాకా చెయ్యి కదలదు. "ముప్ఫై ఏళ్ళు నడిపినవాళ్ళకి కూడానా అండీ?" అన్నాను. "వాళ్ళకే ముఖ్యంగా. నీలాగ వేళ్ళు బాగా ఆడేవాళ్ళకి ఇంకా ముఖ్యంగా" అంది.

ఇంటికొచ్చి మీ విమానం తెరిచాను. అది అడిగింది, జవాబు చెప్పాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. పైకి వెళ్ళి కావాలనే ఇంజనుకి మంట పెట్టించాను. "ఎడమ ఇంజను లివరు మీద చెయ్యి పెట్టారా? నేను చూస్తున్నాను" అంది. నేను కావాలని కుడిదాని మీద పెట్టాను. "కాదు" అంది. అంతే. దాది కాదు వదినా అది. ఆ గురువారం నా పక్కన లేని మనిషి.

కొత్త కరపత్రం వేశాను. అదే కాగితం, అవే రెండొందల ప్రతులు, ముందు ఎవరికి ఇచ్చానో వాళ్ళకే. తొమ్మిదోది నా అబద్ధమని, ఎందుకో, గురువారం ఏం జరిగిందో అంతా రాశాను. మిగతా ఇరవై ఆరూ వెనక్కి తీసుకోలేదు. తలుపు తెరుచుకుని కదిలే విమానాన్ని చచ్చినా ఒప్పుకోను. మీ యజమానికి ఒక ప్రతి, దాంతో ఒక ఉత్తరం పంపాను.

కెప్టెన్ ఇది చదివి, బృందం పరువు రోడ్డున పడిందన్నాడు. ముందొకటి రాసి వెనకొకటి రాస్తే రేపు మన మాట ఎవరు వింటారన్నాడు. "లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలివాళ్ళని నోరు మూసుకోమంటారా మీరు?" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. ఈ నెలంతా నాతో మాటల్లేవట. నా నియమమే, నాకే వేశారు. నిజం పైలట్ల కాక్‌పిట్ చూసొచ్చి కూడా వీళ్ళకి కావాల్సింది విమానం కాదు, విమానం గురించి ఇంకొకళ్ళకి తెలియకపోవడం. నాకూ నిన్నటిదాకా అదే కావాలి. థూ.

యజమాని ఏమన్నాడో రాయి. కుడి సీటు ఉందా, పోయిందా?

నీ మరదలు.


కంపెనీ వెనక వీధి,
సెప్టెంబరు ఎనిమిది.

అమ్మాయ్,

పోయింది. నీ ఉత్తరం రాకముందే పోయింది.

నీ రెండో కరపత్రం కూడా యజమాని చదివాడు, పూర్తిగా. ఆ ఘనత నీకు దక్కాలి, ఆయన కరెంటు బిల్లు కూడా పూర్తిగా చదవడు. చదివి, "బాగా రాస్తుందయ్యా. మన ప్రకటనలకి రాస్తుందేమో కనుక్కో" అన్నాడు. నేను కనుక్కోలేదు. నువ్వేమంటావో ఊహించుకుని ఆ సాయంత్రమంతా నవ్వుకున్నాను. ఈమధ్య నాకు దొరికిన నవ్వు అదొక్కటే.

సోమవారం విమానం అమ్మకానికి వచ్చింది. ఒక బటనుతో. జనం కొంటున్నారు, బాగుందంటున్నారు. కుడి సీటు ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఉందని తెలియనిదాన్ని పోయిందని ఎవరు అడుగుతారు? అందరూ ఒంటరిగా లేచి, ఒంటరిగా దిగుతున్నారు, హాయిగా. తోకలకి రంగులు నేను వెయ్యనన్నాను. పొద్దుట పూట ఒక బళ్ళో లెక్కలు చెప్తున్నాను. నా రాతలన్నీ కంపెనీ సొత్తు కాబట్టి అక్కడే వదిలేసి వచ్చాను. బల్ల సొరుగులో నా చెంచా కూడా మర్చిపోయాను.

నన్ను క్షమించు అని నువ్వు ఎక్కడా రాయలేదు, చూశాను. రాయకపోవడం మంచిదైంది. క్షమించాను అని నేను ఒక్క మాట అనేస్తే నీకు సులువుగా ఉంటుంది. సులువుగా ఉండేవి నీకు పడవు కదా.

నా తప్పు కూడా రాస్తాను, నువ్వొక్కదానివే రాసి గొప్పదానివైపోతే ఎలా? నాదని ఎందుకు దాచానంటే, నాదని తెలిస్తే నువ్వు మెచ్చుకుంటావేమోనని భయపడ్డాను. మొహమాటానికి మెచ్చుకున్నా నేను నమ్మేస్తానని ఇంకా భయం. నీ నోట తిట్టే నమ్మదగింది అనుకున్నాను. కోరుకున్నది కోరినట్టే వచ్చింది, పెట్టెలో పెట్టి రిబ్బను కట్టి మరీ. పద్నాలుగు నెలలు రెండో మనిషి అవునంటేనే చెయ్యి కదపాలని రాసినదాన్ని, ఆ పనంతా ఒక్కదాన్నే కూర్చుని, ఎవర్నీ అడక్కుండా చేశాను. నీ కెప్టెన్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వాను.

మళ్ళీ మొదలుపెట్టాను, మొదటి అక్షరం నుంచి. ఈసారి ఏ కంపెనీకీ కాదు. ఏ విమానంలోనైనా కుడి వైపు కూర్చోగలిగే మనిషిని రాస్తాను. కావాల్సినవాళ్ళు ఊరికే తీసుకుంటారు. తలుపులు మూసిన దగ్గర్నుంచి చక్రాలు నేల విడిచేదాకా ఆ మనిషి ఏం అనాలో రెండు పేజీలైంది. ఈ కవర్లో పెట్టాను.

చదువు. తప్పుంటే చెప్పు. కరపత్రం వద్దు, పదిమందిలో వద్దు, అన్నీ అయిపోయాక వద్దు. ఇప్పుడే, నాకే, గట్టిగా.

వదిన.


ప్రెస్సు మేడ మీది గది,
సెప్టెంబరు పద్నాలుగు.

వదినా,

రెండో పేజీ, ఐదో లైను. రన్‌వే మీద పరుగు. ఇక ఆగడానికి వీల్లేని వేగం వచ్చినప్పుడు నీ మనిషి "ఆ వేగం దాటామా, చూశారా?" అని అడిగి, జవాబు కోసం ఆగుతోంది.

అక్కడ అడగకూడదు. ఆ క్షణాన నడిపేవాళ్ళ కళ్ళు రన్‌వే మీద ఉంటాయి. కిందికి చూసి జవాబు వెతుక్కుంటే తోవ తప్పుతుంది. అక్కడ చూడాల్సింది కుడి సీటు, చెప్పాల్సింది కుడి సీటు. ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి. ఈ ముక్క నేను ఊహించి రాయడం లేదు. నిన్న శిక్షణా కేంద్రానికి వెళ్ళి ఆవిణ్ణి అడిగి వచ్చాను, లిఫ్టు బాగుచేసే మనిషి తోడు లేకుండా, మెట్లెక్కి.

మిగతా లైన్లలో నాకు తప్పు కనపడలేదు. కనపడలేదన్నానే గానీ లేదనలేదు.

ఐదో లైను నేను దిద్ది పంపగలను. దిద్దలేదు. నువ్వు చూసి చెప్పేదాకా పెన్సిలు పెట్టను.

నీ మరదలు.


కంపెనీ వెనక వీధి (పేరు మార్చాలి, కంపెనీ నాది కాదు),
సెప్టెంబరు పంతొమ్మిది.

మరదలా,

చూశాను. నువ్వన్నది సరి. అడగడం తీసేశాను, ఇప్పుడు చెప్పి ఊరుకుంటుంది. క్యాంటీన్లో అన్ని రోజులు కూర్చుని కూడా ఆ ఒక్కటీ పట్టుకోలేకపోయానని నాకు ఒక పూటంతా అన్నం సయించలేదు. నీకు సంతోషమైతే అయింది.

ఐదో లైను మేరకు నిన్ను క్షమించాను.

మూడో పేజీ దీంతో పెట్టాను. అందులో నువ్వు పట్టగలిగిన తప్పేదీ లేదు. ఉందంటావా, చూపించు.

వదిన.